ఆకుపచ్చ ఇంజనుకు ఏ బుక్కు

మహబూబ్‌నగర్,
12 జులై 2023.

హనుమంతు గారికి,

నమస్కారం. ఉగాదికి ముందు మీరు పని మీద మా ఊరికి వచ్చినప్పుడు, బస్టాండు దగ్గర ఉన్న మా బుక్కుల దుకాణానికి ఏదో మోటారు డయాగ్రం జిరాక్సు తీయించుకోవడానికి వచ్చారు. అద్దాల బీరువాలో మా అబ్బాజాన్ పెట్టుకున్న ఆకుపచ్చ రైలింజను చూసి, "నడుస్తలేదా ఇది? నాకియ్యుండ్రి, నేను నడిపిస్త" అని మీ ఊరు కట్టంగూరుకు తీసుకెళ్లారు. నెలలో ఇస్తానన్నారు. ఇప్పుడు మీ ఫోను ఎప్పుడు చేసినా స్విచ్ఛాఫ్ వస్తోంది.

అది పిల్లలు ఆడుకునే, చావి తిప్పితే నడిచే బొమ్మ ఇంజనే. కానీ చాలా పాతది. మా తాత రైల్వే కాలనీలో పనిచేసిన రోజుల్లో ఒక ఆఫీసరు బదిలీ మీద పోతూ ఆయన చేతిలో పెట్టి వెళ్లాడట. అబ్బాజాన్ కూడా రైల్వేలో పట్టాలు మార్చి జెండా ఊపే పాయింట్స్‌మన్‌గా చేసి రిటైరయ్యారు. రోజూ ఖాళీ బీరువా వైపు చూసి, "నా సర్వీసు మొత్తంల ఏ బండీ గింత లేటు గాలే" అంటున్నారు.

బాగు కాకపోయినా ఫరవాలేదు. ఉన్నది ఉన్నట్టు తిరిగి పంపండి.

సబా

*

కట్టంగూర్,
20 జులై.

బిడ్డ సబాకు,
హనుమంతు తల్లి ఈదమ్మ రాస్తున్నది.

నీ ఉత్తరం మా వాడి పేరు మీద వచ్చింది. పోస్టాయన ఇవ్వాలా వద్దా అన్నట్టు కాసేపు గడప ముందర నిలబడ్డాడు. నేనే చేయి చాపి తీసుకున్నాను. నా కొడుకు లేడు బిడ్డా. మే నెలలో హైవే దాటుతుంటే లారీ తగిలింది. నల్లగొండ దవాఖానకు చేరకముందే అయిపోయింది. ఇంతకన్నా రాయలేను.

మీ ఇంజను భద్రంగా ఉంది. కానీ విప్పి ఉంది. వాడు బల్ల మీద నా పాత చీర పేలిక పరిచి, ఏది ముందు తీస్తే అది ముందు, వరుసగా పెట్టుకున్నాడు. నేను ఒక్కటి కూడా కదపలేదు. మీద బట్ట కప్పి, కోడిపిల్లల గంప బోర్లించాను.

ఒక మాట అడుగుతాను, కాదనకు. మాది కమ్మరిల్లు. మా ఇంట్లో కొలిమి ముందర మనిషి పోతే, దాగలి మీద మిగిలిన పనిని ఇంటివాళ్లే పూర్తి చేసి ఇవ్వాలి. మా మామ పోయినప్పుడు సగం కొట్టిన కొడవలి ఉండె. నా పెనిమిటి ఏడ్చుకుంటనే దాన్ని కాకబెట్టి కొట్టాడు, తిత్తి నేను ఊదాను. అది చేయమన్న రైతుకు ఇచ్చినంకనే కొలిమి ఆర్పినం. ఇప్పుడు నా పెనిమిటి లేడు. మా వాడికి పెండ్లి కాలేదు. ఈ పని నాదే.

హనుమంతు ఫ్యాన్లు, మిక్సీలు చేసేవాడు. ఈ ఇంజను మాత్రం వాడికి కొత్త. విప్పిన నాడు అన్నాడు, "అమ్మా, దీనికొక బుక్కు ఉంటదే. గది దొరికితె సగం పని అయినట్టె." ఏ బుక్కో చెప్పలేదు. నీది బుక్కుల దుకాణం. ఏ బుక్కో అరుసుకొని చెప్పు. ఇంజను అప్పటిదాకా తీసుకపోకు.

ఫోను చేయొచ్చు కదా అంటావేమో. ఫోనులో అయితే నాకు ఏడుపే వస్తది, మాట రాదు. కాయితం మీద అయితే తుడుచుకొని మళ్లీ రాయొచ్చు. నేను మూడో తరగతి దాకా చదివిన. తప్పులుంటే సర్దుకో.

ఈదమ్మ

*

మహబూబ్‌నగర్,
30 ఆగస్టు.

ఈదమ్మ అమ్మకు,

మీ ఉత్తరం చదివాక నేను రాసిన మొదటి ఉత్తరం గుర్తుకొచ్చి సిగ్గేసింది. బల్ల దగ్గర వంగి, జిరాక్సు ఆలస్యమైనందుకు నాతో పరాచికమాడిన మనిషి ఆయన. "మీ మిషను గూడ నాకియ్యుండ్రి అక్కా, దీన్ని గూడ నడిపిస్త" అన్నాడు. ఏం రాయాలో తెలియక ఇన్నాళ్లు ఆగాను.

అబ్బాజాన్‌కు చదివి వినిపించాను. మొదట, "పాపం గా తల్లి. గని ఇంజను తెప్పియ్యి బేటా. ఆమెకేం దెలుస్తది? ఉన్నది గూడ పోగొడ్తది" అన్నారు. కొడవలి సంగతి మళ్లీ చదవమన్నారు. చదివాను. తెల్లారి చాయ్ తాగుతూ చెప్పారు, "డ్యూటీ దిగినోడి చేతిల జెండా, ఎక్కెటోడు తీస్కుంటడు. చెయ్యనియ్యి. కొడుకు సంవత్సరీకం దాక టైమియ్యి. గా తర్వాత మాత్రం నా ఇంజను నాకు గావాలె, జర గట్టిగ రాయి." గట్టిగానే రాశాను అనుకోండి.

మా ఆయన అఖీల్ సరుకు కోసం హైదరాబాదు పోతే, పాత బుక్కులు అమ్మేవాళ్ల దగ్గర వెతకమన్నాను. మూడు బుక్కులు దొరికాయి. మూడూ ఇంగ్లీషువే. ఏది కావాలో చెప్తే అది కొంటానని, ఒక్కో దాంట్లో ఒక్కో పేజీ ఫోటో తీసుకొచ్చాడు. ప్రింటు తీసి దీంతో పంపుతున్నాను. మొదటిది బాగా చలామణిలో ఉన్నదని అమ్మేవాడు చెప్పాడు. రెండోది లావుది, నున్నటి కాగితం, అన్నీ రంగుల ఫోటోలు. మూడోదానికి అట్ట లేదు, జిరాక్సుకు జిరాక్సులా ఉంది, అందులో గీసిన బొమ్మలే. నన్నడిగితే రెండోది తీసుకోండి. మూడోది దండగ.

సబా

*

కట్టంగూర్,
9 సెప్టెంబరు.

బిడ్డా సబా,

మూడు కాయితాలు బల్ల మీద పరిచి, గంప తీసి, ఇంజను పక్కన పెట్టి చూశాను. నాకు ఇంగ్లీషు రాదు. బొమ్మలే చదివాను.

మొదటి దాంట్లో అన్నీ వైర్లు ఉన్నాయి. మన ఇంజనుకు వైరు లేదు. చావి పెట్టే బొక్క ఉంది, లోపల గోడ గడియారంలో ఉన్నట్టు చుట్టుకున్న స్ప్రింగు ఉంది. అది కరెంటు రైలుకు రాసిన బుక్కు. మనకు పనికిరాదు. అమ్మేవాడికి చెప్పు, చలామణిలో ఉన్న మందు అందరి రోగానికీ పనిచెయ్యదని.

రెండోది చాలా అందంగా ఉంది. ఇంజను పెండ్లికొడుకు లెక్క మెరుస్తోంది. కానీ కడుపులో ఏముందో ఒక్క ఫోటోలో చూపెట్టలేదు.

మూడోది నువ్వు దండగన్నావు. ఏమనుకోకు, నాకు అదే కావాలి. దాంట్లో ఒక్కొక్క ముక్కను విడివిడిగా గీసి, ఏది ఏ దాంట్లోకి పోతదో చుక్కల గీత పెట్టాడు. మా వాడు పేలిక మీద పెట్టుకున్న వరుస, ఆ బొమ్మలో ఉన్న వరుస ఒక్కటే బిడ్డా. వేలు పెట్టి ఒక్కొక్కటి సరిచూసుకున్నాను. ఫోటో తీసినాయన ఇంజనును చూసినవాడు. ఈ బొమ్మ గీసినాయన విప్పినవాడు.

అది కొని పంపు. మీ నాయినకు దండం చెప్పు. ఎంత గట్టిగ రాయించినా, నాకు కోపం రాలేదని చెప్పు.

ఈదమ్మ

*

కట్టంగూర్,
27 అక్టోబరు.

బిడ్డా,

బుక్కు వచ్చిన నాటి నుంచి పొద్దున పని తెములగానే బల్ల దగ్గరే కూర్చుంటున్నాను. బొమ్మ చూసుకుంటూ ఒక్కొక్క ముక్కా పెట్టుకుంటూ వచ్చాను. పండ్ల చక్రాలు ఒకదాంట్లో ఒకటి కూర్చున్నాయి. చివరన స్క్రూలు బిగించాను. దసరాకు తయారైంది.

మాకు దసరా అంటే పనిముట్ల పండుగ. సుత్తె, పట్టుకారు, దాగలి అన్నిటికీ నూనె రాసి, పసుపు కుంకుమ పెట్టి, దండం పెట్టుకుంటాం. హనుమంతు స్క్రూడ్రైవర్లకు పెట్టాను. మీ ఇంజనుకు కూడా పెట్టాను. పైన పెడితే రంగు ఖరాబైతదని, కింద బొక్కలోంచి లోపలి చక్రాలకు ఆముదం పోసి, పసుపు కుంకుమ నిండుగా చల్లాను. నడిచేది అవే కదా అనుకున్నాను.

చావి ఇచ్చాను. చావి తిరిగింది, చక్రం కదలలేదు. ఇంకా ఇచ్చాను. బిర్రుగా పట్టుకపోయింది. ఇప్పుడు చావి ముందుకు రాదు, వెనక్కి పోదు.

మీ నాయిన అన్నదే నిజమైంది. ఉన్నది గూడ పోగొట్టాను. బుక్కులో ఉన్నట్టే చేశాను కదా బిడ్డా, ఒక్క బొమ్మ తప్పలేదు. మరి ఎక్కడ తప్పు పోయింది? అన్నం తినబుద్ధి అయితలేదు. మా వాడు అయితే ఇట్ల చేసేవాడు కాదు.

ఈదమ్మ

*

మహబూబ్‌నగర్,
5 నవంబరు.

అమ్మా,

ముందు అన్నం తినండి. తర్వాత ఇది చదవండి. చదివేదాకా ఇంజనును ముట్టుకోకండి.

బొమ్మలు మీరు తప్పలేదు. మాటలు నేను తప్పాను. బుక్కు ఇల్లు చేరితే చాలనుకొని, అందులో ఏం రాసి ఉందో చదవకుండానే మీకు పోస్టు చేశాను. మన దుకాణంలో ఒక జిరాక్సు ఉంచుకున్నాను కాబట్టి సరిపోయింది. నిన్నంతా కూర్చొని చదివాను. మొదటి పేజీలోనే, గీతల డబ్బాలో, పెద్ద అక్షరాల్లో ఉంది. చిక్కటి నూనె పోయకూడదట, లోపల ఏ పొడీ పడకూడదట. కుంకుమ అని రాయలేదు, పాపం వాళ్లకు తెలిసి ఉండదు.

ఇప్పుడు ఏం చేయాలో నాకు అర్థమైనంత తెలుగులో చెప్తున్నాను. చావి ఎక్కించిన స్ప్రింగు పాము లాంటిది. అట్లనే విప్పితే ఎగిరి చేయి కోస్తుంది. కాబట్టి ఒక చేత్తో చావి గట్టిగా పట్టుకొని, ఇంకో చేత్తో పక్కనున్న చిన్న కొక్కెం ఎత్తి, చావిని మెల్లమెల్లగా వెనక్కి రానియ్యాలి. బొమ్మలో అది ఏడో నంబరు. స్ప్రింగు వదులైనాకనే స్క్రూలు తీయాలి. లోపలి చక్రాల పెట్టెను కిరసనాయిలులో ముంచి, మెత్తటి కుంచెతో పండ్ల సందుల్లో తోమాలి. నీళ్లు తగలొద్దు. నీడన ఆరనివ్వాలి. ఆరినాక కుట్టుమిషను నూనె, ఇరుసులు తిరిగే చోట మాత్రం సూది మొనతో ఒక్క చుక్క. పండ్లకు అసలే వద్దు.

అబ్బాజాన్ కోపం చేస్తారని భయపడుతూ చెప్పాను. ఆయన నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకున్నారు. "ఇంజనుకు బొట్టు వెట్టిందా! అరె, మా కాలంల దసరకు అసలు ఇంజన్లకే పెడ్తుండె. నేను గూడ ఎన్ని కొబ్బరికాయలు దిన్ననో. గని బయట వెడ్తరు తల్లీ, బయట! కడుపుల పొయ్యరు" అన్నారు. తర్వాత మీకు ఇది తప్పక రాయమన్నారు. మొదట ఆయన అన్న మాట వెనక్కి తీసుకుంటున్నారట.

సబా

*

కట్టంగూర్,
18 డిసెంబరు.

బిడ్డా సబా,

నీ ఉత్తరం చదువుతుంటే నువ్వు పక్కన కూర్చొని చెప్పినట్టే ఉంది. కిరసనాయిలు ఇప్పుడు ఎక్కడా దొరుకుతలేదు. మా ఇంటెనక గుర్వయ్య ట్రాక్టరు సామాను కడుగుతందుకు ఒక సీసా దాచిపెట్టుకున్నాడు. అడిగితే, "ఈదమ్మా, పొయ్యి ముట్టిస్తవా, రైలు నడుపుతవా?" అని ఎక్కిరించి ఇచ్చాడు. నువ్వు చెప్పినట్టే కడిగాను.

ఇంకా పని ఉంది బిడ్డా. ఈ బుక్కు ఒక్కటే సరిపోదు అనిపిస్తోంది. ఆ లావు బుక్కు నేను వద్దన్నాను గానీ, దాంట్లో ఏమన్నా కొత్త సంగతి ఉందేమో. దొరికితే అది కూడా పంపు. తొందర లేదు.

ఇక్కడ చలి బాగుంది. మీ నాయినను దగ్గు తగ్గేదాకా బయట తిరగొద్దని చెప్పు.

ఈదమ్మ

*

మహబూబ్‌నగర్,
20 ఫిబ్రవరి 2024.

అమ్మా,

లావు బుక్కు జనవరిలోనే పంపాను. అందిందని రాశారు. ఆ తర్వాత ఇంకేదన్నా బుక్కు ఉందేమో చూడమని మళ్లీ రాశారు. అఖీల్ ఇంకోసారి తిరిగొచ్చాడు. దొరకలేదు.

నిన్న అబ్బాజాన్ మీ ఉత్తరాలన్నీ వరుసగా చదవమన్నారు. విని, "ఒక్క సంగతి జూసినవా బేటా? పట్టుకపోయినప్పుడు చావి ముందలికి రాదు, ఎనకకు పోదు అని ఉన్నదంత రాసింది. కడిగినంక ఏం జెడిపోయిందో ఒక్క ముక్క గూడ రాస్తలేదు. ఖరాబైన బండి గురించి రాసెటోళ్లు ఏడ ఖరాబైందో రాస్తరు" అన్నారు.

నేను చాలాసేపు ఆలోచించాను. అడగాలా వద్దా అని కూడా ఆలోచించాను. కోపంతో అడుగుతున్నానని అనుకోకండి.

అది నడుస్తోందా అమ్మా?

సబా

*

కట్టంగూర్,
2 ఏప్రిల్.

బిడ్డా,

నడుస్తోంది.

కడిగిన నాడే నడిచింది. చావి ఇచ్చి గచ్చు మీద వదిలితే, కిర్రుమంటూ తలుపు దాకా పోయి గడపకు తాకి ఆగింది. నాకు సంతోషం కావాలె కదా. కాలేదు. మా వాడి పని అయిపోయింది అనిపించింది. దినాలనాడు కూడా నాకు అట్ల అనిపించలేదు. పని మిగిలి ఉన్నన్ని రోజులు, వాడు చాయ్ తాగుదామని లేచి పోయినట్టే ఉండె. నేను వాడి జాగాలో కూర్చొని వాడు వచ్చేదాకా చూసుకుంటున్నట్టు ఉండె.

తెల్లారి మళ్లీ విప్పాను. పేలిక మీద వాడు పెట్టిన వరుసలోనే పెట్టాను. మళ్లీ బిగించాను. అట్ల రోజూ చేస్తున్నాను. మీకు అబద్ధం రాయలేదు గానీ నిజం దాచాను. లావు బుక్కు అడిగింది అందుకే, అది ఏదన్నా కొత్త పని చూపెడుతదేమోనని. దాంట్లో కాగితంతో చేసిన స్టేషన్లు, ఉత్తుత్తి చెట్లు, గుట్టలు ఉన్నాయి. నాకు చేసే పని దొరకలేదు.

మొన్న బిగిస్తుంటే ఒక స్క్రూ పట్టలేదు. విప్పి విప్పి మర అరిగిపోయింది. దాన్ని చేతిలో పట్టుకొని వెలుతురుకు తెచ్చి చూశాను. వాడు బాగు చేస్తానని తెచ్చిన వస్తువును నేను అరగదీస్తున్నాను. నల్లగొండలో గడియారాలు చేసే ఆయన దగ్గరికి పోయి అదే కొలత స్క్రూ వేయించాను. బిగించినంక మళ్లీ విప్పలేదు.

ఈసారి ఉగాది, మీ రంజాను ఒక్క వారంలోనే వస్తున్నాయి. రెండు పండుగలూ అయిపోయినంక వచ్చే ఆదివారం నాడు వస్తాను. నల్లగొండలో బస్సు మారి దేవరకొండ మీదుగా మధ్యాహ్నానికి చేరుతాను.

మీ నాయినకు ఒక్కటి చెప్పు. పని ఇచ్చినంక, తీసుకున్నవాళ్లు దాన్ని పరీక్ష చేసుకుంటుంటే మేము ఎదురుగా నిలబడం. నేను గడప దిగినంకనే చావి ఇయ్యమను. గల్లీలో నడుచుకుంటూ దాని చప్పుడు వింటే నాకు చాలు. అప్పుడు ఆగమని నన్ను పిలవొద్దు. అన్నానికి ఉండమని కూడా అనొద్దు. ఉంటే మళ్లీ దాన్ని చేతిలోకి తీసుకుంటాను.

ఈదమ్మ

*

మహబూబ్‌నగర్,
15 ఏప్రిల్.

అమ్మా,

మీరు వద్దన్నారని పిలవలేదు. గడప దాకా వచ్చి ఆగిపోయాను. కొత్త తువ్వాలలో చుట్టి తెచ్చిన ఇంజనును మీరు రెండు చేతులతో ఇస్తుంటే, అబ్బాజాన్ కూడా రెండు చేతులూ చాపారు. "మంచిగ జేసినవ్ చెల్లె" అని ఇంకా ఏదో చెప్పబోయారు. మీరు అప్పటికే చెప్పులు వేసుకుంటున్నారు.

మీరు వెనక్కి చూడలేదు కాబట్టి తర్వాత జరిగింది రాస్తున్నాను.

మీరు గడప దిగగానే అబ్బాజాన్ ఇంజనును వాకిలి గచ్చు మీద పెట్టి చావి ఇచ్చారు. నడిచింది. ఎంత బాగా నడిచిందని! చప్పుడు గల్లీలోకి వినబడాలని నేను తలుపు రెండు రెక్కలూ తెరిచాను. ఒకసారి చావి ఇస్తే అది ఎంతసేపు నడుస్తుందో మీకు నాకన్నా బాగా తెలుసు. వాకిలి ఈ చివరి నుంచి ఆ చివరికి, అంతే. మీరు అప్పటికి గల్లీ మధ్యలో ఉన్న పాలబూతు దగ్గరికి కూడా చేరలేదు. అబ్బాజాన్ మోకాళ్ల నొప్పితో నమాజు కూడా కుర్చీలోనే చేస్తారు. అలాంటి మనిషి నేల మీద కూర్చున్నారు. ఆగగానే ఎత్తి మళ్లీ చావి ఇచ్చారు. మళ్లీ ఆగింది, మళ్లీ ఇచ్చారు.

మీరు గల్లీ మూల తిరిగారు. "చాలు అబ్బాజాన్, అమ్మ గల్లీ దాటింది, ఇక వినబడదు" అన్నాను.

"నీకెట్ల దెలుసు? బస్టాండు ఈడికి దగ్గర్నే" అని మళ్లీ చావి తిప్పారు.

అఖీల్ వచ్చి లేపబోతే చేయి విదిలించారు. "బండి కదలంగనే పాయింట్స్‌మన్ జాగ ఇడువొద్దు. కడాకరి డబ్బా దాటిపోవాలె" అన్నారు. గోడ గడియారం చూసుకుంటూ, దేవరకొండ బస్సు టైము దాటేదాకా తిప్పుతూనే ఉన్నారు.

మీకు ఎక్కడిదాకా వినిపించిందో రాయండి. ఆయన అడుగుతున్నారు.

సబా